‘కంచె చేను మేసెఁ గాపేమి సేయురా’: ఇందులో కాపు ఎవరండీ?

తార్నాకవాసి: ఈ పాదం వారం నుంచి నన్ను వదలడం లేదు. మిగతా మూడు పాదాలూ గుర్తుకు రావు. వేమనదేనా? బ్రెజిల్ అణు కార్యక్రమం మీద వ్యాసం రాస్తుంటే తగిలింది. 1975లో వాళ్లు పశ్చిమ జర్మనీతో పెద్ద ఒప్పందం చేసుకున్నారు, అంతా అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీల కిందే. నాలుగేళ్లకే, 1979లో, వాళ్ల నౌకాదళం పక్కనే ఇంకో దుకాణం తెరిచింది. సొంత సెంట్రిఫ్యూజులు, సొంత యురేనియం శుద్ధి, తనిఖీల ఊసే లేదు. అణు జలాంతర్గామి కోసం అన్నారు. ‘సేఫ్‌గార్డ్స్’కి, అంటే అణు పదార్థం ఆయుధాల వైపు మళ్లకుండా చూసే ఈ తనిఖీలకి, తెలుగులో ‘కాపు’ అని వాడదామని నా ఆశ. పద్యంలో కాపు అంటే కావలివాడా, రైతా?

ఛందోబాధితుడు: నిక్షేపం లాంటి ఆటవెలది పాదం. మూడు గలాలు (గురువు, లఘువు), ఆపైన త గణం, ర గణం. యతి కం–గా. సామెతలో లాగా ‘కంచే’ అని సాగదీశారో మొదటి గణమే కూలుతుంది. వేమన సంపుటాల్లో నా కంటపడలేదు. సామెతను ఎవరో ఛందస్సులో కూర్చారని నా అనుమానం. విశ్వదాభిరామ తగిలించినవన్నీ వేమనవి కావు కదా.

పద్యాలక్క: రైతే. చేను అతనిది, కంచె వేసుకున్నదీ అతనే, అందుకే ఆ ఏడుపు. కావలివాడైతే జీతగాడు, వాడికి పోయేదేముంది?

మౌలాలి మాస్టారు: అక్కయ్యా, కాచేవాడే కాపు. కాపరి, కాపలా, కాపాడటం, అన్నీ ఆ ఇంటివే. చేనుని కాచుకున్నవాడు రైతయ్యాడు. రెండుగా చీల్చింది మనం.

అడ్మిన్: ఈ కాపు చర్చ కులం వైపు మళ్లిందంటే కామెంట్లు మూసేస్తాను. ఇప్పటికే రెండు తీసేశాను.

గాజువాక కుర్రాడు: అసలు పాఠమే తప్పు పట్టుకున్నారు. మా తాతయ్య చదివేది ‘కంచె చేను మేయఁగా నేమి సేయురా’ అని. ‘పే’ కాదు, ‘నే’. గణాలు కట్టి చూసుకోండి, అవే. యతి కూడా ఆ గా మీదే. పద్యంలో కాపే లేడు!

ఛందోబాధితుడు: గణాలు సరే తమ్ముడూ, కర్త ఏడీ? కాపు ఉంటే ‘సేయు’కి దిక్కు ఉంది. ‘నే’ పెడితే ఎవరు చేయాలి?

గాజువాక కుర్రాడు: ఎవరూ ఏమీ చేయలేరనే కదండీ అర్థం.

మౌలాలి మాస్టారు: పే, నే పక్కన పెట్టండి. బ్రెజిల్‌కి ఈ సామెతే అతకదు. అక్కడ కంచె మేయలేదు. జర్మనీ ఒప్పందం, దాని తనిఖీలు అలాగే ఉన్నాయి. వీళ్లు కంచె బయట ఇంకో చేను వేసుకున్నారు. సామెత కావాలంటే మన పరిశోధన రియాక్టర్ సైరస్‌కి పెట్టుకోండి, అదీ సగమే. కెనడా రియాక్టర్, అమెరికా భారజలం, 1960లో ట్రాంబేలో మొదలైంది. తనిఖీలు లేవు, శాంతియుత ప్రయోజనాలకే వాడతామన్న మాట ఒక్కటే కంచె. దాని ప్లుటోనియంతోనే 1974 మే 18న పోఖ్రాన్. శాంతియుత విస్ఫోటనమని మనం, మాట తప్పారని కెనడా. అక్కడ కూడా పేచీ ఒక్క విశేషణం మీదే, మన ‘పే’ లాగా.

ఇక మా ఇంటి దగ్గరి అణు ఇంధన కర్మాగారం, ఎన్‌ఎఫ్‌సీ చూడండి. అమెరికాతో అణు ఒప్పందం కోసం పౌర, సైనిక కేంద్రాలను విడదీసిన 2006 ప్రణాళికలో 22 రియాక్టర్లలో 14 తనిఖీల కిందికి, 8 బయటికి. ఎన్‌ఎఫ్‌సీలోనూ కొన్ని ప్లాంట్లు ఆ జాబితాలో ఉన్నాయి, కొన్ని లేవు. ప్రహరీ మాత్రం ఒకటే. ఇంతకీ కంచె ఎక్కడున్నట్టు?

తార్నాకవాసి: మాస్టారూ, శీర్షిక దొరికింది, ‘కంచె అవతలి చేను’. కానీ కాపుని వదలను. ‘రక్షణ’ అంటే జనం మిలటరీ అనుకుంటారు. ‘భద్రత’ అంటే ప్రమాదాలు జరక్కుండా చూడటం. ఇక్కడ పని వేరు. పదార్థం లెక్కలు చూడటం, సీళ్లు వేయడం, కెమెరాలు పెట్టడం, ఆయుధం వైపు మళ్లలేదని తేల్చుకోవడం. కళ్లంలో ధాన్యానికి కాపు కాయడం ఇదే కదా?

పద్యాలక్క: ‘కాపుదల’ అనండి, హుందాగా ఉంటుంది. సేద్యం మాట వచ్చింది కాబట్టి, ‘సత్కవుల్ హాలికులైన నేమి’ అన్న పోతన ఉండగా ఈ వేమన గొడవేమిటి? అందులో ఆ ‘కౌద్దాలికులు’ (తవ్వుకుని బతికేవాళ్లు) అన్న మాట ఎంత బరువుగా పడిందో!

ఛందోబాధితుడు: ‘ఇమ్మనుజేశ్వరాధముల’ భాగవతంలోది. మీరన్నది చాటువు.

పద్యాలక్క: చాటువైనా ఆ పొగరు పోతనదే. మీరు కాదన్నా నేను ఒప్పుకోను.

మౌలాలి మాస్టారు: కౌద్దాలికులంటే గుర్తొచ్చింది. బ్రెజిల్ అధ్యక్షుడు కొలోర్ 1990లో కాషింబు సైనిక స్థావరానికి వెళ్లి, అణు పరీక్ష కోసం తవ్విన గోతిలో కెమెరాల ముందు పారతో సున్నం పోశాడు. గొయ్యి లోతు 300 మీటర్ల పైమాటే! ఆ మరుసటి ఏడాదే అర్జెంటీనాతో ఉమ్మడి తనిఖీ సంస్థ పెట్టుకున్నారు. వీళ్ల లెక్క వాళ్లు, వాళ్ల లెక్క వీళ్లు చూస్తారు. అణ్వాయుధ వ్యాప్తి నిరోధక ఒప్పందం ఎన్‌పీటీలో బ్రెజిల్ చేరింది మాత్రం 1998లో. తార్నాకవాసి గారూ, మీ వ్యాసానికి నిజమైన కాపు అక్కడున్నాడు, పొరుగు చేనివాడు.

ఛందోబాధితుడు: సవరణ. కుద్దాలం అంటే గుద్దలి. పార పట్టినవాడు కౌద్దాలికుడు కాడు.

పద్యాలక్క: గుద్దలికీ పారకీ తేడా పొలంలో దిగినవాళ్లకి తెలుసు. మీరు ముందు కుర్చీ దిగండి.

గాజువాక కుర్రాడు: మా వైపు గుద్దలి అంటే వేరే ఇంకోటి…

అడ్మిన్: గుద్దలికి వేరే పోస్టు పెట్టుకోండి.