ఆగస్టు 15కి బంటింగ్ కట్టాలి, ఏది తీసుకోమంటారు?

కొర్లగుంట గృహిణి:
మా అపార్ట్‌మెంట్‌లో జెండా పండుగ డెకరేషన్ ఈసారి నాకు అప్పజెప్పారు. గేటు నుంచి మెట్ల దాకా బంటింగ్, అంటే దారానికి వరసగా కట్టిన రంగు ముక్కల తోరణం, కట్టాలంట. నెట్‌లో వెతికితే ఒకచోట పిట్టలు, ఒకచోట బేస్‌బాల్, ఇంకోచోట రంగు గుడ్డలు! గాంధీ రోడ్డులో చిన్న జాతీయ జెండాలు దారానికి అంటించిన దండలు చూశాను. తీసుకోవచ్చా?

చిత్తూరు టీచర్:
అక్కా, అశోకచక్రం ఉన్న జెండాల దండ మాత్రం వద్దు. 2002 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న ఫ్లాగ్ కోడ్ (జాతీయ జెండా నియమావళి) ప్రకారం జాతీయ జెండాను బంటింగ్‌గా గానీ, మరే అలంకరణకు గానీ వాడకూడదు. మా బడిలో కాషాయం, తెలుపు, ఆకుపచ్చ ముక్కలు విడివిడిగా తీసుకుని, ఒకదాని పక్కన ఒకటి కడతాం. పిల్లలు చేత్తో ఊపే కాగితం జెండాలకు అనుమతి ఉంది. కానీ వాటినీ నేల మీద పారేయకూడదు. పండుగ అయిపోగానే గ్రౌండంతా తిరిగి ఏరిస్తాం. మర్నాడు కాలవలో చక్రం ఉన్న కాగితం ఒక్కటి కనిపించినా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఇంకో మాట, ప్లాస్టిక్ జెండాలను 2022 జూలై 1 నుంచే నిషేధించారు.

పిట్టల ప్రేమికుడు:
బంటింగ్ పిట్టల గురించి రెండు ముక్కలు. పిచ్చుకంత ఉంటాయి, గింజలు తింటాయి. వాటిలో నల్లతల బంటింగ్ చలికాలంలో మన దేశానికి వలస వస్తుంది. మగదానికి తల నలుపు, పొట్ట పసుపు. జొన్న చేలల్లో గుంపులుగా వాలతాయి. బేస్‌బాల్‌లో అయితే బంటింగ్ అంటే బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా తట్టి వదలడం.

టైలరన్న:
పూర్వం ఓడల జెండాలకు వాడిన పలుచని ఉన్ని గుడ్డ పేరు కూడా బంటింగే. మీకు కాటన్ చాలమ్మా. కాగితం వద్దు, ఒక్క జల్లు పడితే రంగు కారి గోడలకు అంటుకుంటుంది. టైలర్ల దగ్గర లైనింగ్ ముక్కలు మిగులుతాయి, అడగండి. జానెడు పొడవున త్రికోణాలు కత్తిరించి, వెడల్పు అంచును నాడా మడతలో పెట్టి ఒకే వరసగా మిషన్ కుట్టు వేయండి. ముక్కకీ ముక్కకీ నాలుగు వేళ్ల సందు వదలాలి. లేకపోతే గాలికి మెలికపడి అన్నీ ఒకచోటికి చేరతాయి. పిన్నులు కొట్టొద్దు, తుప్పు మరక పడితే పోదు.

బైరాగిపట్టెడ పెద్దాయన:
గుమ్మానికి మామిడాకులే కట్టమ్మా. ముందురోజు సాయంత్రం కోసి తడిగుడ్డలో చుట్టిపెడితే పొద్దునకు వాడవు.

కొర్లగుంట గృహిణి:
అందరికీ థాంక్స్. గుడ్డతోనే కుట్టిస్తాను. నాడా చివర్లు ఎంత వదలాలి అన్నా?

టైలరన్న:
రెండు పక్కలా మూర చొప్పున. మధ్యలో ఒక మేకుకు ఆనించండి, లేదంటే కిందికి జారి స్కూటర్ వాళ్లకు తగులుతుంది. అయిపోయాక ఉతికి మడతపెట్టుకోండి, జనవరి 26కి పనికొస్తుంది.