హోంల్యాండ్ సెక్యూరిటీలో ఎం.ఎస్. – మన పిల్లలకు దారుందా?

బెజవాడ_బుల్లోడు:
మా చెల్లి బీటెక్ అయింది. అమెరికాలో హోంల్యాండ్ సెక్యూరిటీ (దేశం లోపలి భద్రత, విపత్తుల నిర్వహణ) ఎం.ఎస్.కి అడ్మిట్ వచ్చింది. కోడింగ్ వద్దు, ఇదే చదువుతానని పట్టు. నాన్న లోన్ కోసం పొలం కాగితాలు బయటికి తీశారు. మొహమాటం లేకుండా చెప్పండి.

డల్లాస్_బాబాయ్:
వద్దు. అమెరికా ప్రభుత్వంలో హోంల్యాండ్ సెక్యూరిటీ అంటే 9/11 తర్వాత 22 సంస్థల్ని కలిపి 2003లో మొదలెట్టిన శాఖ. అందులో ఉద్యోగాలు దాదాపు అన్నీ అమెరికా పౌరులకే. రహస్య సమాచారం చూడ్డానికిచ్చే సెక్యూరిటీ క్లియరెన్సూ అంతే. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చిన పిల్లకి మిగిలేదేంటి? తమాషా చూడండి, ఆ పిల్ల వీసా రికార్డు ఉండే సెవిస్ అనే కంప్యూటర్ వ్యవస్థను నడిపేది కూడా ఆ శాఖే!

తుఫాను_డ్యూటీ:
బాబాయ్ గారూ, ఈ చదువంటే ఆ శాఖ ఒక్కటేనా? నేనిదే చదివి ఆసుపత్రిలో విపత్తుల ప్లానింగ్ చూస్తున్నాను. మెడికేర్ (ఇక్కడ పెద్దవాళ్ళకి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) డబ్బు తీసుకునే ఆసుపత్రులకు 2017 నుంచి ఎమర్జెన్సీ ప్లాన్, డ్రిల్స్ తప్పనిసరి. కరెంటు పోతే జనరేటర్‌లో డీజిల్ ఎన్ని గంటలొస్తుంది, వెంటిలేటర్ మీద ఎవరున్నారు, ముందు ఎవర్ని తరలించాలి... ఇదీ నా రోజువారీ పని. ఒకసారి డ్రిల్ సగంలో తెలిసింది, జనరేటర్ గది తాళంచెవి సెలవులో ఉన్నాయన జేబులో ఉందని! చదువు వృథా కాదు. కాకపోతే నాకప్పటికే గ్రీన్ కార్డుంది, అది దాచను. క్లాసులో నా పక్కన కూర్చున్నదీ ఫైర్ కెప్టెన్లు, షెరిఫ్ డిప్యూటీలే.

డల్లాస్_బాబాయ్:
అదేనమ్మా నేననేది! కాలిఫోర్నియా మాంటెరీలో అమెరికా నేవీ వాళ్ళ పీజీ స్కూల్లో ఈ మాస్టర్స్ ఉంది, అర్హులకు ఫీజు కూడా లేదు. కానీ అర్హులంటే ఎవరు? సర్వీసులో ఉన్న అధికారులు. ఉద్యోగం ఉన్నవాళ్ళకి పైమెట్టు ఇది. లేనివాళ్ళకి ఇది ఉద్యోగం తెచ్చిపెట్టదు.

రిటైర్డ్_ఖాకీ:
ఇక్కడా ఉంది కదా. గాంధీనగర్‌లో రాష్ట్రీయ రక్షా యూనివర్సిటీ, 2020లో పార్లమెంటు చట్టంతో జాతీయ సంస్థ అయింది. అయితే ఒంటిమీదకి యూనిఫామే రావాలంటే పీజీ అక్కర్లేదు. యూపీఎస్సీ సీఏపీఎఫ్ (కేంద్ర సాయుధ పోలీసు దళాల అధికారుల) పరీక్షకి ఏ డిగ్రీ అయినా చాలు, వయసు 20 నుంచి 25. అమ్మాయి అక్కడ రెండేళ్ళు చదివొచ్చేసరికి ఈ తలుపు మూసుకుపోవచ్చు. వయసు లెక్క చూసుకోండి బాబూ.

తుఫాను_డ్యూటీ:
బుల్లోడు గారూ, ఫీజు కట్టేముందు ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద కోర్సు కోడ్ చూడండి. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) జాబితాలో లేకపోతే ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి, 12 నెలలే, పైన 24 నెలలు రావు. కోర్సు పేరులో సైబర్ అని ఉన్నంత మాత్రాన నమ్మొద్దు.

బెజవాడ_బుల్లోడు:
అందరికీ థాంక్సండీ. కోడ్ సంగతి మాకు తట్టనే లేదు, రాత్రే యూనివర్సిటీకి మెయిల్ పెట్టాం. చెల్లికి డిసెంబర్లో 23 నిండుతాయి. ఖాకీ గారి మాట చూపిస్తే ముఖం మాడ్చుకుంది గానీ, పొద్దున ఫోన్‌లో సీఏపీఎఫ్ సిలబస్ తెరిచి ఉంది. కాగితాలు మాత్రం నాన్న ఇంకా లోపల పెట్టలేదు.