నాన్నగారితో మాహీ మాహీ వేట: పూట బోటు చాలా, రోజంతా తీసుకోవాలా?

ఉప్పాడ అబ్బాయి:
జూన్‌లో మా నాన్నగారు ఫ్లోరిడా వస్తున్నారు. ఉప్పాడ నుంచి ముప్పై ఏళ్లు వేటకి వెళ్లిన మనిషి. రాడ్డు, రీలు మాత్రం ఎప్పుడూ పట్టుకోలేదు. ఆయన్ని ఫ్లోరిడా కీస్ దీవుల్లోని ఇస్లామొరాడా తీసుకెళ్లి మాహీ మాహీ అనే సముద్రపు చేప పట్టించాలని ఉంది. వయసు 68. నాలుగు గంటల బోటు సరిపోతుందా? లైసెన్సు కావాలా?

కీస్ గాలం:
తమ్ముడూ, రోజంతా తీసుకో. నేను పదకొండేళ్లుగా ఏటా మే, జూన్‌లలో అక్కడికే వెళ్తున్నాను. మాహీ ఉండేది పగడపు దిబ్బలు దాటాక, గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చని సముద్ర ప్రవాహం వైపు లోతు నీళ్లలో. కొన్ని రోజులు ఇరవై మైళ్లు పోతేగానీ దొరకదు. నాలుగు గంటల బోటు రానూ పోనూ ప్రయాణానికే అయిపోతుంది.

అక్కడ వెతకడమే అసలు వేట. సర్గాసం అనే పసుపు పచ్చ నాచు గాలికీ ప్రవాహానికీ ఒక బారుగా చేరుతుంది. దాని నీడలో చిన్న చేపలు, వాటి కోసం మాహీ. తేలుతున్న చెక్క ముక్క కనిపించినా కెప్టెన్ బోటు అటు తిప్పుతాడు. ఫ్రిగేట్ పక్షి, అదే తోక చీలిన పెద్ద నల్ల పక్షి, ఒకేచోట తిరుగుతుంటే కింద పెద్ద చేప ఉండొచ్చు. ఇవన్నీ మీ నాన్నగారికి నేను చెప్పేవి కావు. ఆయన్ని ముందు వైపు కూర్చోబెట్టు, కెప్టెన్ కంటే ముందే చూపిస్తారు.

ఒక్కటి మాత్రం ఆయనకి కొత్తగా ఉంటుంది. మొదటి చేప పడగానే పైకి లాగేయకూడదు. దాన్ని బోటు పక్కన నీళ్లలోనే ఉంచితే మిగతా గుంపు వదిలి పోదు. ఈలోగా ఎర ముక్కలు వేస్తూ మిగతా గాలాలు వదులుతారు. నా రెండో ట్రిప్పులో ఆత్రంగా లాగేశాను. గుంపంతా మాయం. తర్వాత రెండు గంటలు ఒక్కటీ తగల్లేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇంకో మాట. నీళ్లలో ఆ చేప ఆకుపచ్చ, బంగారు, నీలం రంగుల్లో మెరిసిపోతుంది. చచ్చాక కొన్ని నిమిషాల్లోనే పాలిపోతుంది. మా చిన్నోడు అది చూసి ఏడ్చాడు. అందుకే మేం తినగలిగినన్నే ఉంచుకుంటాం.

చార్టర్ బోటులో, అంటే కెప్టెన్‌తో సహా అద్దెకి తీసుకునే బోటులో, మీకు విడిగా లైసెన్సు అక్కర్లేదు, బోటు లైసెన్సే చాలు. అట్లాంటిక్ వైపు మూతి నుంచి తోక చీలిక దాకా కనీసం 20 అంగుళాలు ఉండాలి. ఆ వైపు ఫ్లోరిడా రాష్ట్ర జలాల్లో, అంటే తీరం నుంచి మూడు మైళ్ల లోపు, 2022 మే నుంచి మనిషికి రోజుకి 5 మాత్రమే, అంతకుముందు 10. తగ్గించడం మంచిదే అంటాను. మాహీ తొందరగా పెరిగే చేపే, కానీ అయిదేళ్లు బతకడమే అరుదు.

టాంపా వంటిల్లు:
ఐస్ సంగతి మర్చిపోకండి. పట్టిన వెంటనే ఐస్‌లో నిండా కప్పాలి. వేడెక్కితే అలర్జీలాంటి బాధలు తెచ్చే హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది, ఎంత ఉడికించినా పోదు. ఒకసారి ఎండలో చాలాసేపు వదిలేసిన చేప తిని మా ఆయనకి ఒళ్లంతా ఎర్రబడి తలనొప్పి వచ్చింది, చాలా టెన్షన్ పడ్డాం. చర్మం మందం, తీసేయండి. కండ గట్టిది, పులుసులో విడిపోదు. చింతపండు కొంచెం తగ్గించండి, ఈ చేపకి నూనె తక్కువ.

ఉప్పాడ అబ్బాయి:
రోజంతా బోటు బుక్ చేశాను అన్నా. నాన్నగారికి ఒక మాహీ ఫొటో పంపితే నిటారుగా ఉన్న ఆ నుదురు చూసి "ఇది పోతు" అన్నారు. ఆయన అడిగింది ఒక్కటే, ఎర ఏమిటని.

కీస్ గాలం:
కరెక్టే, పోతుకే అలాంటి నుదురు. ఎర ఎక్కువగా బాలీహూ. కింది దవడ సూదిలా పొడుచుకొచ్చిన సన్న చేప. గాలానికి గుచ్చి, బోటు నడుస్తుండగా వెనక నీటి మీద లాగుతారు. అలాంటి చేపలు మన తీరంలోనూ ఉన్నాయి, చూడగానే గుర్తుపడతారు.