తొలి ఏకాదశి పేలపిండి: జొన్న పేలాలా, మక్క పేలాలా?

జగిత్యాల కోడలు:
మక్కల పేలపిండి ఫొటో చుట్టాల గ్రూపుల పెడితే, "జొన్న పేలాలదే అసలుది, మక్కలది దేవునికి పెట్టరు" అన్నరు. నేను ఒప్పుకోను. మా అత్తగారింట్ల ఏటా మక్క పేలాలే. అండ్ల బెల్లం, యాలకులు, ఇంత నెయ్యి. మీ దిక్కు ఎట్ల?

పాలమూరు రొట్టె:
అక్కా, కోపం చేసుకోకు. కొలంబస్ 1492ల అమెరికా దిక్కు పోయినంకనే మక్కలు మన దాకా వచ్చినయ్. జొన్నలు అంతకు ఎన్నో ఏండ్ల ముందుగాల్నుంచి ఈ నేల మీదున్నయ్. పండుగ నాడన్నా పాత గింజ తినాలె. పైగా మక్కలది పొట్టు గొంతుల పట్టుకుంటది.

జగిత్యాల కోడలు:
పొట్టు సంగతి నిజమే తమ్మీ, కానీ అది జల్లెడ పట్టకుంటెనే. పేలాలు చల్లారినంక పేలని గింజలు ఏరెయ్యాలె, లేకుంటే పిండిల పలుకులు తగులుతయ్. మిక్సీ పట్టి సన్న జల్లెడల పోస్తే పొట్టు పైననే నిలుస్తది. కింద పడ్డ పిండిల తురిమిన బెల్లం కలిపి మళ్ల ఒక్కసారి తిప్పితే చాలు. ఇగ పాత పంట ముచ్చటంటవా, సద్దుల బతుకమ్మకు మక్క సత్తు చేసి గౌరమ్మకు పెడతలేమా? ఆడ లేని పట్టింపు ఈడెందుకు? చేన్ల పండింది దేవునికి పెట్టుడే మన పద్ధతి.

పాలమూరు రొట్టె:
చేన్ల పండిందంటున్నవ్ గని, ఇప్పుడు ఏస్తున్నయన్నీ కోళ్ల దాణాకు పోయే హైబ్రిడ్ మక్కలే కదా. అవి సరిగ పేలనే పేలవు. దుకాణంల గింజలు కొనుక్కొచ్చి చేను పేరు చెప్తే ఎట్ల?

జగిత్యాల కోడలు:
ఇది మంచి మాట. అందుకే మా అత్తమ్మ చేను గట్టు పొంటి పేలాల మక్కలు వేరే ఏస్తది. వాటి పొట్టు గట్టిది, లోపలి తడి ఆవిరై ఒక్కసారే పగులుతది. హైబ్రిడ్ గింజలే ఉన్నోళ్లు దోరగ వేయించి సత్తు పట్టుకోవాలె, పేలపిండి కాదు. అంతవరకు నీతోనే ఉన్న.

గుంటూరు నుంచి:
అక్కా, మైక్రోవేవ్ పాప్‌కార్న్ ప్యాకెట్‌తో చేసుకోవచ్చా?

జగిత్యాల కోడలు:
వద్దు చెల్లీ. అండ్ల నూనె, ఉప్పు ముందే కలిపి ఉంటయ్, పిండి ముద్ద కడతది. విడి గింజలు తెచ్చుకొని, నూనె లేకుండ మందపాటి గిన్నెల మూత పెట్టి పేలించుకో.