నగిషీలు లేని పాత ఇటుక కమర్షియల్ బిల్డింగ్‌కి హెరిటేజ్ విలువ ఎలా వస్తుంది?

మేడమెట్లు:
అందరికీ నమస్తే. గుడో కోటో అయితే హెరిటేజ్ అంటే అర్థమవుతుంది, కానీ కింద షాపులు పైన ఆఫీసులు ఉన్న మామూలు పాత ఇటుక బిల్డింగ్‌ని కూడా కూల్చొద్దు అంటుంటారు కదా. అందులో రాజులెవరూ ఉండలేదు, చెక్కడాలు లేవు, కిటికీలు కూడా మధ్యలో ఎవరో మార్చేసి ఉంటారు. మరి దానికి విలువ ఏం చూసి కడతారు? ముందు గోడ ఒక్కటి ఉంచేసి వెనకాల కొత్తది కట్టుకుంటే సరిపోదా? తెలుసుకుందామనే అడుగుతున్నా, గొడవకి కాదు.

ఎర్రఇటుక:
నగిషీలు లేకపోతే విలువ లేదంటే షికాగోలో మొనాడ్‌నాక్ బిల్డింగ్‌ని ఏం చేద్దామండి? దాని ఉత్తరం సగం 1891లో కట్టారు, 16 అంతస్తులు, బయటి గోడలన్నీ బరువు మోసే ఇటుక గోడలే, అందుకే కింద మందం 6 అడుగుల దాకా ఉంటుంది. అంత మందం పెడితే అద్దెకిచ్చే జాగా గోడలోకే పోతుంది, వీధి వైపు పెద్ద అద్దాలు పెట్టడానికీ కుదరదు. దక్షిణం సగం 1893లో పూర్తయ్యేసరికి స్టీల్ ఫ్రేమ్‌కి, అంటే గోడ బదులు ఉక్కు చట్రం బరువు మోసే పద్ధతికి వెళ్ళిపోయారు. అంటే రెండేళ్ళ తేడాలో కట్టడం పద్ధతే ఎలా మారిపోయిందో ఒకే బిల్డింగ్‌లో పక్కపక్కనే కనిపిస్తుంది, ఇది ఫొటో చూసో పుస్తకం చదివో తెలిసేది కాదు. పైగా ఉత్తరం సగం మీద అలంకారం దాదాపు ఏమీ లేదు, అద్దెల కోసం కట్టిందే అది కూడా.

విలువ సంగతికొస్తే, పాత కట్టడాల్ని ఎలా కాపాడాలో చెప్పడానికి ఆస్ట్రేలియా వాళ్ళు 1979లో తెచ్చిన బుర్రా చార్టర్‌లో అందం, చరిత్ర, అధ్యయనానికి పనికొచ్చే సమాచారం, జనానికి దానితో ఉన్న అనుబంధం ఇవన్నీ చూడమంటారు. అందం అందులో ఒకటి మాత్రమే. కిటికీలు మార్చారని కూడా కొట్టిపారేయలేం, అలాంటిదే అంతర్జాతీయంగా వచ్చిన 1964 వెనిస్ చార్టర్ అయితే వేర్వేరు కాలాల్లో చేరిన విలువైన మార్పుల్ని గౌరవించాలనే చెప్పింది. వ్యాపారం మారినప్పుడల్లా షాపు ముందుభాగం మారుతూనే ఉంటుంది కదా, ఆ మార్పులు కూడా చరిత్రే. అయితే నిన్న తగిలించిన అల్యూమినియం షీట్‌కి కూడా దండం పెట్టమని కాదు లెండి :)

లెక్కలరాయుడు:
ఇవన్నీ వినడానికి బాగుంటాయి, రిపేర్ బిల్లు కట్టేది ఓనర్ కదా బ్రో. కూల్చొద్దు అని బోర్డు తగిలించి వెళ్ళిపోతే అది పాడుబడి దానంతట అదే కూలుతుంది. అమెరికాలో గుర్తింపు ఉన్న చారిత్రక బిల్డింగ్‌ని రూల్స్ ప్రకారం బాగుచేసి ఆదాయం వచ్చే పనికి వాడితే, అర్హమైన ఖర్చులో 20 శాతం ఫెడరల్ టాక్స్ క్రెడిట్ ఇస్తారు, అంటే కట్టాల్సిన పన్నులో అంత తగ్గిస్తారు. ఇలాంటిదేదో లేకుండా ఉత్త నీతులు చెప్తే ఎవడు వింటాడు.

సున్నంబట్టీ:
డబ్బు మాట నిజమే కానీ చాలా చోట్ల పాడయ్యేది డబ్బు లేక కాదు, తప్పుడు రిపేర్ వల్ల. పాత ఇటుక గోడ సున్నంతో కట్టింది, ఇటుక కన్నా సున్నం మెత్తగా ఉంటుంది, లోపలి తడి జాయింట్ల గుండానే బయటికి ఆరిపోతుంది. ఎవరో వచ్చి గట్టిగా ఉంటుందని సిమెంట్‌తో పాయింటింగ్ చేస్తారు, అంటే ఇటుకల మధ్య జాయింట్లు నింపుతారు, అప్పుడు తడి బయటికి వచ్చే దారి మూసుకుపోయి ఇటుకలోంచి రావడం మొదలవుతుంది, ఉప్పు పూసి, ఇటుక ముఖం పొరలు పొరలుగా రాలిపోయి జాయింట్ మాత్రం గట్టులా నిలబడి ఉంటుంది. శాండ్ బ్లాస్టింగ్, అంటే ఇసుకని వేగంగా కొట్టి గోడ శుభ్రం చేయడం, ఇంకా ఘోరం, మురికితో పాటు కాల్చినప్పుడు ఏర్పడిన గట్టి పైపొర కూడా లేచిపోతుంది, అది మళ్ళీ రాదు.

ముందు గోడ ఒక్కటే ఉంచడం గురించి: ఆ గోడ అసలు నిలబడేదే అడ్డ గోడలు, ఫ్లోర్లు పట్టుకుని ఉండబట్టి. వెనకంతా కూల్చేస్తే దాన్ని స్టీల్‌తో ఊతమిచ్చి నిలబెట్టాలి, ఆ ఖర్చు తక్కువేం కాదు. కొత్త ఫ్లోర్ లెవెల్ పాత కిటికీలకి కలవకపోతే కిటికీ మధ్యలోంచి స్లాబ్ కనిపిస్తుంది, చూశారా ఎప్పుడైనా? నా లెక్కలో అది బిల్డింగ్‌ని కాపాడటం కాదు, తొక్క ఉంచుకుని పండు పారేయడం.

మేడమెట్లు:
థాంక్స్ అండి, ఇంత ఉందనుకోలేదు. మరి భూకంపం వస్తే? అందులో జనం ఉంటారు కదా, చరిత్ర అని చెప్పి ప్రాణాల మీదకి తెచ్చుకోలేం.

సున్నంబట్టీ:
కరెక్ట్ ప్రశ్న. లోపల స్టీల్ లేని ఇటుక కట్టడం భూకంపానికి బలహీనమే, అందులో ముందుగా ఊడిపడేవి పైన పిట్టగోడలు, పొగగొట్టాలు, తర్వాత ఫ్లోర్‌కి కట్టని గోడలు బయటికి పడిపోతాయి. అందుకే పిట్టగోడకి బ్రేసింగ్ (వెనక నుంచి ఊతం) ఇచ్చి, ఫ్లోర్లని పైకప్పుని గోడలకి యాంకర్లతో (గోడలోకి దిగే ఉక్కు బోల్టులతో) బిగిస్తారు, ఇందులో చాలా పని లోపలి నుంచే చేయొచ్చు, వీధిలోంచి చూస్తే పెద్దగా తేడా తెలీదు. కాకపోతే సున్నం పొడి పొడిగా రాలుతున్న గోడలో యాంకర్ పట్టదు కాబట్టి ముందు గోడ బలం టెస్ట్ చేయించాలి. మీరు అడిగేది ఏదైనా ఒక బిల్డింగ్ గురించే అయితే పాత గోడల మీద పనిచేసిన స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పట్టుకోండి, ఫ్రేమ్ బిల్డింగులు తప్ప చూడనాయన మొదటి రోజే కూల్చేయమంటాడు.