మెల్‌బోర్న్ నుంచి బ్రోకెన్ హిల్ దాకా క్యాంపర్ వ్యాన్‌లో ఇద్దరం: 10 రోజులు సరిపోతాయా?

పాయింట్‌కుక్_పండు:
అందరికీ నమస్తే. మేం మెల్‌బోర్న్ వచ్చి నాలుగేళ్ళయింది. సిడ్నీ, గోల్డ్ కోస్ట్ తప్ప ఏమీ చూడలేదు. సెప్టెంబర్ చివర్లో ఇద్దరికీ కలిపి 10 రోజులు సెలవు దొరికింది. వ్యాన్ అద్దెకు తీసుకుని హార్షమ్, ఆ చుట్టుపక్కల గోధుమ సైలోల (ధాన్యం నిల్వచేసే ఎత్తైన గోపురాలు) మీద వేసిన బొమ్మలు, మిల్డూరా, గనుల ఊరు బ్రోకెన్ హిల్ చూసి, అడిలైడ్ వెళ్ళి, గ్రేట్ ఓషన్ రోడ్ మీదుగా ఇంటికి రావాలని ప్లాన్. మొత్తం 2,400 కిలోమీటర్ల పైచిలుకు. రోజుకు 240 అంటే హైదరాబాద్ నుంచి విజయవాడ అంత కూడా లేదు కదా అని నా లెక్క. మా ఆవిడేమో "నువ్వు లెక్కలేస్తేనే నాకు టెన్షన్" అంటోంది. తను వెజిటేరియన్. నేను ఇంతవరకు వ్యాన్ నడపలేదు. వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

కారే_ముద్దు:
బ్రో, కారేసుకుని వెళ్ళి మోటెల్స్‌లో ఉండు, చౌక. దారంతా గోధుమ చేలు, అవి దాటితే ఇంకొన్ని గోధుమ చేలు. దానికి వ్యాన్ ఎందుకు?

ఒంగోలక్క:
పండూ, నేనూ మా ఆయనా రెండేళ్ళ కిందట సరిగ్గా ఈ దారినే వెళ్ళాం. మా ఆయన కూడా నీలాగే ఎక్సెల్ షీట్ వేశాడు. మూడో రోజు దాన్ని మూసేశాం.

ముందు గ్రేట్ ఓషన్ రోడ్ తీసెయ్. అది మీ ఇంటి దగ్గరదే, ఏ లాంగ్ వీకెండ్‌కైనా పోవచ్చు. చీకటి పడ్డాక నడపకూడదు కాబట్టి నీ 240 లెక్క కూడా నిలబడదు. సాయంత్రం అయిందంటే కంగారూలు రోడ్డెక్కుతాయి. మేం నాలుగున్నరకల్లా వ్యాన్ ఆపేసేవాళ్ళం. కొన్ని అద్దె ఒప్పందాల్లో రాత్రి నడిపితే ఇన్సూరెన్స్ వర్తించదని, మట్టిరోడ్డు ఎక్కకూడదని ఉంటుంది. ఆ పేజీ చదివి సంతకం పెట్టు. మాకు తగిలిన దెబ్బ వేరేది. క్యాంప్‌లో ఒక యూకలిప్టస్ కొమ్మ కిందికి మా ఆయన వ్యాన్‌ని తీసుకెళ్ళాడు. గీరుకున్న చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. పైకప్పు డ్యామేజీకి మా కవర్ వర్తించదని అప్పుడు తెలిసింది. చేతి నుంచి కట్టుకున్నాం. వ్యాన్ ఎత్తు ఎంతో కాగితం మీద రాసి స్టీరింగ్ పక్కన అంటించు.

ఇక గోధుమ చేలు అన్న తమ్ముడికి: నువ్వు సెప్టెంబర్‌లో వెళ్ళలేదనుకుంటా. అప్పుడు కనోలా పూస్తుంది. అది మన ఆవకు చుట్టమే. రోడ్డుకు రెండు వైపులా కనుచూపు మేర పసుపు. బ్రిమ్ అని ఓ చిన్న ఊరు, అక్కడ 1939 నాటి సైలోల మీద 2016లో గైడో వాన్ హెల్టెన్ అనే చిత్రకారుడు నలుగురు రైతుల్ని గీశాడు, ఆడా మగా కలిపి. వాళ్ళ పేర్లు ఎక్కడా రాయలేదు. మంత్రులవీ సినిమావాళ్ళవీ కటౌట్లు చూసి పెరిగిన కళ్ళు కదా మనవి, అంతెత్తున పేరు లేని రైతుల్ని చూసి నేను చాలాసేపు అక్కణ్ణుంచి కదల్లేదు. రుపన్యప్, షీప్ హిల్స్, పాచెవొల్లక్ కూడా ఆ దారిలోనే వస్తాయి. అన్నీ చూడాలంటే 200 కిలోమీటర్లు, ఒక్క పూటలో కానియ్యాలని చూడకు.

తిండి సంగతి. ఊళ్ళలో పబ్బే హోటలు. రాత్రి ఎనిమిదికి వంటిల్లు మూసేస్తారు. వెజ్ అంటే చిప్స్, బంగాళదుంప వెడ్జెస్, అదృష్టం బాగుంటే ఒక వెజ్ బర్గర్. కాబట్టి వండుకోవాల్సిందే. వ్యాన్ లోపల మాత్రం పోపు పెట్టొద్దు. మొదటి రాత్రి నేను ఎండుమిర్చి వేశాను, పొగ అలారం మోగింది, పక్క వ్యాన్లలో లైట్లు వెలిగాయి. ఆ ఘాటులోనే పడుకున్నాం. ఇక్కడ దాదాపు ప్రతి ఊరి పార్కులోనూ ఉచిత కరెంటు బార్బెక్యూ ఉంటుంది, బటన్ నొక్కితే పలక వేడెక్కుతుంది. దాని మీద మాంసం కాలుస్తారు కదా, మీ ఆవిడకు ఇబ్బందైతే మందంగా ఫాయిల్ పరిచి పైన మీ పెనం పెట్టుకోండి. నిదానంగా కాలుతుంది గానీ దోసె బాగానే వస్తుంది. వారక్నబీల్‌లో ఒక తాతగారు కుక్కను తిప్పుతూ వచ్చి, ఇది పాన్‌కేకా అని అడిగి, కారప్పొడితో ఒకటి తిని, కళ్ళు తుడుచుకుంటూ ఇంకోటి అడిగాడు. పిండి డబ్బా మూత మాత్రం గట్టిగా బిగించు. మాది ఫ్రిజ్‌లోనే పొంగి గుడ్ల పెట్టె నిండా పాకింది.

బ్రోకెన్ హిల్‌లో రెండు రాత్రులు ఉండండి. వీధుల పేర్లు చదివితే కెమిస్ట్రీ ల్యాబ్ గుర్తొస్తుంది: ఆక్సైడ్, క్లోరైడ్, సల్ఫైడ్, అయొడైడ్. 1883లో చార్లెస్ రాస్ప్ అనే, గొర్రెల ఫారంలో కంచెలు చూసుకునే పనివాడు ఖనిజపు గుట్టను పట్టాడు, అక్కణ్ణుంచి పుట్టిందే బీహెచ్‌పీ అనే పెద్ద గనుల కంపెనీ. ఊరి మధ్య తవ్విపోసిన మట్టిగుట్ట పైన గనికార్మికుల స్మారకం ఉంది. చనిపోయిన 800 మందికి పైగా పేర్లు, పేరు పక్కనే ఎలా పోయాడో కూడా. రాయి పడి, కరెంటు షాక్ కొట్టి, సీసపు విషం ఎక్కి. మా నాన్న చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనిచేశాడు. నేను సగం కూడా చదవలేకపోయాను.

25 కిలోమీటర్ల దూరంలో సిల్వర్టన్. వీధుల్లో గాడిదలు తిరుగుతుంటాయి. ఒకటి మా వ్యాన్ తలుపులోంచి తల పెట్టి కొత్తిమీర కట్ట లాక్కెళ్ళింది. దక్షిణ ఆస్ట్రేలియా (అడిలైడ్ ఉన్న రాష్ట్రం) లోకి పచ్చి కూరలు రానివ్వరు, వెళ్ళేముందు ఎలాగూ అవగొట్టాలిలే అనుకుని ఊరుకున్నా. తర్వాత తెలిసింది, ఆకుకూరకు ఇబ్బంది లేదట, మిరపకాయలకే!

రాయలసీమ_డాక్టర్:
అక్క చెప్పినదానికి కొంచెం చేరుస్తాను, బ్రోకెన్ హిల్‌లో రెండేళ్ళు పనిచేశాను. ఊరు న్యూ సౌత్ వేల్స్‌దే గానీ గడియారం అడిలైడ్‌ది, మెల్‌బోర్న్ కన్నా అరగంట వెనక. మిల్డూరా నుంచి అక్కడికి దాదాపు 300 కిలోమీటర్లు. వెంట్‌వర్త్ దాటాక, మధ్యలో కూంబా రోడ్‌హౌస్ (పెట్రోలు, తిండి దొరికే చోటు) వదిలేస్తే దాదాపు ఏమీ ఉండదు. ట్యాంక్ నింపుకుని, ఇద్దరికీ పది లీటర్ల నీళ్ళు పెట్టుకుని బయల్దేరండి. చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే ఫోన్‌లో దించుకోండి. అడిలైడ్ దారిలో ఊడ్లా విరా దగ్గర చెక్‌పోస్ట్ ఉంటుంది. టమాటా, పచ్చిమిర్చి, వంకాయ, నిమ్మకాయ ఏవీ పోనివ్వరు. పండ్లను పాడుచేసే ఈగ (ఫ్రూట్ ఫ్లై) వాటితో వస్తుందని భయం. దాచి దొరికితే జరిమానా. ఇంకోటి, మీరు వెళ్ళేది స్కూల్ సెలవుల్లో, పైగా ఫుటీ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) ఫైనల్ వారం. మిల్డూరాలో నది ఒడ్డు క్యాంపులు ఇప్పుడే బుక్ చేసుకోండి.

పాయింట్‌కుక్_పండు:
అక్కా, డాక్టర్ గారూ, చాలా థ్యాంక్స్. ఓషన్ రోడ్ తీసేశాను, మా ఆవిడ మొహం వెలిగిపోయింది. రెండు డౌట్లు. టాయిలెట్ ఉన్న వ్యాన్ తీసుకోవాలా? చట్నీకి మిక్సీ పట్టుకెళ్ళొచ్చా?

ఒంగోలక్క:
టాయిలెట్ ఉన్నదే తీసుకో. అర్ధరాత్రి చలిలో టార్చ్ పట్టుకుని నడవడం ఒకసారైతే సరదా. కానీ ఆ క్యాసెట్ (టాయిలెట్ కింద మలం నిండే డబ్బా) తీసుకెళ్ళి డంప్ పాయింట్‌లో పారబోసేది ఎవరో ఇంట్లో ఉన్నప్పుడే తేల్చుకోండి. మేం తేల్చుకోలేదు, ఊయెన్ అనే ఊళ్ళో దాని మీద గొడవై మా ఇద్దరి మధ్య గంటసేపు మాటల్లేవు.

మిక్సీ వద్దు. కరెంటు ఉన్న సైట్లో దిగినప్పుడే అది తిరుగుతుంది, మిగతా రోజులు బరువే. పుట్నాల పొడి, కందిపొడి, ఒక సీసా నెయ్యి పట్టుకెళ్ళు. నెయ్యి సీసాను నిలబెట్టి కట్టెయ్, మలుపుల్లో దొర్లుతుంది.