గొంతు క్యాన్సర్: జీన్ ఎక్స్‌ప్రెషన్ అంటే వంశపారంపర్యమా?

నాన్నకోసం
నాన్నగారు గడ్డం గీసుకుంటుంటే మెడ పక్కన గోళీకాయంత గడ్డ చేతికి తగిలింది, నొప్పి కూడా లేదు. తీరా చూస్తే అసలు క్యాన్సర్ టాన్సిల్‌లో ఉందట. రిపోర్టులో పీ16 పాజిటివ్ అని ఉంది. డాక్టర్‌గారు జీన్ ఎక్స్‌ప్రెషన్ గురించి చెప్తుంటే ఆ టెన్షన్‌లో ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు. జీన్స్ అంటే నాకూ తమ్ముడికీ కూడా వస్తుందా? టాన్సిల్‌లో చిన్నగానే ఉందంటున్నారు, మరి మెడదాకా ఎలా పాకింది?

మైక్రోస్కోప్
ముందు ఆ భయం వదిలెయ్యండి. ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉండే జన్యువులు అవే, ఏ కణంలో ఏది ఎంత పనిచేస్తోంది అన్నదే ఎక్స్‌ప్రెషన్. పీ16 అనేది కణంలో ఉండే ఒక ప్రోటీన్, టాన్సిల్ క్యాన్సర్‌లో అది పాజిటివ్ అంటే చాలావరకు హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చిందని అర్థం. ఆ వైరస్ తయారుచేసే ఈ6 ప్రోటీన్ పీ53ని, ఈ7 ఏమో ఆర్‌బీని దెబ్బతీస్తాయి. కణం అదుపు తప్పకుండా చూసే కాపలాదార్లు ఆ రెండూ. ఆర్‌బీ పోయేసరికి పీ16 విపరీతంగా తయారవుతుంది. రంగు వేసి చూసినప్పుడు కనీసం 70 శాతం కణాలు ముదురుగా పట్టుకుంటేనే పాజిటివ్ అని రాస్తాం. ఈ మార్పు ఆ గడ్డ కణాల్లోనే జరిగింది, పిల్లలకి రాదు.

పరిశోధన విద్యార్థి
పాకడం గురించి నేను చెప్తాను. కణాల్ని ఒకదానికొకటి అంటిపెట్టి ఉంచేది ఈ-క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్. స్నెయిల్, ట్విస్ట్ లాంటి జన్యువులు చురుకైతే దాని తయారీ తగ్గి కణాలు విడివడతాయి, ఎంఎంపీ ఎంజైములు కింది పొరని కరిగించి దారి చేస్తాయి. 2017లో తల, మెడ క్యాన్సర్లలో ఒక్కో కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో విడిగా చదివి చూస్తే, గడ్డ అంచున ఉన్నవి ఇలా విడివడే కణాలుగా పూర్తిగా మారకుండా సగమే మారి ఉన్నాయి, ఆ సగం మార్పుకీ మెడ లింఫ్ గ్రంథులకి పాకడానికీ సంబంధం కనిపించింది. అది నోటి క్యాన్సర్ల మీద చేసిన పని, టాన్సిల్‌కి అచ్చంగా అదే వర్తిస్తుందని అనను. పైగా టాన్సిల్ చుట్టూ లింఫ్ నాళాలు దట్టంగా ఉంటాయి, అందుకే గడ్డ చిన్నదైనా మెడలో ముందే తేలుతుంది.

మైక్రోస్కోప్
ఇంకోటి, మెడలో గడ్డ చూసి ఆశ వదులుకోకండి. 2010లో వచ్చిన పెద్ద అధ్యయనంలో హెచ్‌పీవీ ఉన్నవాళ్లలో మూడేళ్ల తర్వాత 82 శాతం బతికి ఉన్నారు, లేనివాళ్లలో 57 శాతమే. అందుకే ఇప్పుడు స్టేజీ కూడా వేరుగా లెక్కేస్తారు. కాకపోతే సిగరెట్ అలవాటుంటే ఆ లాభం తగ్గుతుంది, డాక్టర్‌గారికి దాచకుండా చెప్పండి.

నాన్నకోసం
చాలా థాంక్సండీ. సిగరెట్ల సంగతి అమ్మ చెప్పొద్దంటే ఊరుకున్నాం. రేపు చెప్పేస్తాను.